వంట రాని డాక్టరమ్మ

నాకు వంట బ్రహ్మాండంగా వచ్చు. ఈ మాట మొదటే చెప్పేస్తే నా మనసు కుదుటపడుతుంది. పదమూడో ఏట మా నాయనమ్మ నా చేతికి గరిటె ఇచ్చి తను పక్కకు తప్పుకుంది. నా పులుసు తిన్నవాళ్లు చెయ్యి కడుక్కోవడానికి వెనకాడేవాళ్లు. అయినా బాన్సువాడలో ఉన్నన్నాళ్లూ అన్నం వార్చడం కూడా చేతకాని మనిషిగా చలామణీ అయ్యాను. ఆ పేరు ఎవరో అంటగట్టింది కాదు, నాకు నేనుగా తెచ్చుకున్నది. పిల్లలకు కొన్ని తిండ్లు ఎందుకు పడవు అనే విషయం మీద తర్వాత ఎన్నో ఏళ్లు నేను చేసిన పనికంతా పునాది ఆ అపవాదే.

ఇప్పుడు కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడూ ఇంటికి వచ్చి, "మేడమ్, మీకు ఈ రంగం మీద ఆసక్తి ఎలా కలిగింది?" అని అడుగుతారు. ఏ విదేశీ గురువు పేరో చెబుతానని పెన్ను పట్టుకుని సిద్ధంగా కూర్చుంటారు. "ఒక ముసలమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని చివాట్లు తినడం వల్ల" అంటాను. మర్యాదగా నవ్వి పెన్ను మూసేస్తారు. వాళ్లకు చెప్పలేనిది ఇక్కడ చెబుతాను.

డెబ్బైల మధ్యలో నన్ను బాన్సువాడ సర్కారు దవాఖానలో డాక్టరుగా వేశారు. మాది గుంటూరు వైపు. వర్ని దగ్గర కాలువ కింద మా పెదనాన్న వాళ్లు ఎప్పుడో వచ్చి పొలాలు కొనుక్కున్నారు గనక, మనవాళ్లు పక్కనే ఉన్నారు కదా అని ఇంట్లో అందరూ ధైర్యంగా సాగనంపారు. మా ఆయనకు హైదరాబాద్‌లో ఉద్యోగం. నెలకోసారి బస్సులో వచ్చి రెండు రోజులుండి వెళ్లేవాడు. దవాఖాన వెనక మూడో గల్లీలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాను.

నా కోపం సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. అది ముక్కు మీద ఉండేది. మా దవాఖాన ఆయమ్మ నేను చేరిన వారానికే వచ్చినవాళ్లను గుమ్మంలోనే ఆపి హెచ్చరించడం మొదలుపెట్టింది. "లోపటికి పోయినంక ఎదురు మాట్లాడకుండ్రి. డాక్టరమ్మ మంచిదే గని, జెర గరం." ఆయమ్మకు ఏభై దాటాయి. అక్షరం ముక్క రాదు. ఊళ్లో ఆమెకు తెలియని కాన్పూ లేదు, ఆమెకు తెలియని తగాదా లేదు.

నాట్లు పడుతున్న రోజుల్లో ఒక పొద్దున ఒక అవ్వ మూడేళ్ల మనవరాలిని చంకన వేసుకుని పరుగున వచ్చింది. వెనకాలే చెప్పుల్లేని కాళ్లతో ఆమె కోడలు, ఆ పిల్ల తల్లి. వాళ్లది మా గల్లీయే. కొడుకు బీర్కూర్ దగ్గర పొలం చూసుకుంటూ ఎక్కువగా అక్కడే ఉండేవాడు. పిల్ల పెదవులు ఉబ్బి బయటికి వచ్చాయి, కళ్లు మూసుకుపోయాయి, ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. ఊపిరి పీలుస్తుంటే పిల్లికూతలు. సూది మందు వేసి, ఆ చిన్న గుండె మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. అరగంటకు ఊపిరి సర్దుకుంది. అప్పుడు విచారణ మొదలుపెట్టాను.

"ఏం తింది?"

"ఏం తినలే డాక్టరమ్మా," అంది అవ్వ.

"పొద్దున్నుంచీ ఏమీ పెట్టలేదా?"

"ఎందుకు పెట్టం? ఇంత బువ్వ పెట్టినం."

"దేనితో?"

"వంకాయ కూర తోని."

"అందులో ఏమేం వేశారు?"

"ఏమేస్తం? ఉప్పు, కారం."

"ఇంకా?"

అవ్వ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "కూరల ఇంకేమేస్తరమ్మా?"

ఆ తర్వాత ఆమే నాకు జబ్బు ఏమిటో చెప్పింది. తప్పంతా కోడలిదట. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు కదలకుండా కూర్చోమంటే కూర్చోకుండా కూరగాయలు తరిగిందట. ఆ దోషం పాలల్లోకి దిగి పిల్లకు చేరిందట. "నిరుడు గూడ గిట్లనే అయింది. బతుకమ్మ పండుగ దాక చూస్త," అని కోడలి వైపు తిరిగింది. "గప్పటిదాక నయం గాకుంటె పిల్ల నా దగ్గర ఉంటది, నువ్వు మీ తల్లిగారింటికి నడువు."

కోడలు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ గోడవారన నిలబడి ఉంది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. పిల్ల కాలి బొటనవేలు మాత్రం పట్టుకుని వదల్లేదు. నాకు ఒళ్లు మండింది. గ్రహణానికీ దద్దుర్లకూ సంబంధం లేదని గొంతు చించుకున్నాను. "మరి దేనికి సంబంధం ఉన్నదో నువ్వు చెప్పు," అంది అవ్వ. అది తెలుసుకుంటే పిల్ల తల్లికి దక్కుతుంది, లేకపోతే దక్కదు. అంత సూటి లెక్క అది.

పుస్తకాలు తిరగేశాను. గుడ్డు, పాలు, చేప, పల్లీలు అని రాసి ఉంది. గుడ్డూ చేపా ఆ ఇంట్లోకి రావు, పాలు పిల్ల హాయిగా తాగుతుంది. ఇక మిగిలింది పల్లీలు. పల్లీలు బంద్ చేయమని హుకుం జారీ చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. పదిహేను రోజులు తిరిగేసరికి పిల్ల మళ్లీ ఉబ్బిన మూతితో అవ్వ చంకలో ప్రత్యక్షమైంది.

"పల్లీలు బంద్ పెడితిమి," అంది అవ్వ, మనవరాలి ఊపిరి తేలికపడ్డాక. "పక్కింటోళ్లయి గూడ బంద్ పెట్టిస్తిమి. ఇగ చెప్పు."

ఇంక చెప్పడానికేముంది? హైదరాబాద్‌లో నాకు పాఠాలు చెప్పిన పెద్దాయనకు ఉత్తరం రాశాను. ఇది దొరల దేశాల జబ్బు, మన పిల్లలకు రాదు, నులిపురుగులకు మందు వెయ్యి అని జవాబు వచ్చింది. వేశాను. నులిపురుగులు పోయాయి, దద్దుర్లు అలాగే ఉన్నాయి.

కోడలు అయిదో తరగతి దాకా చదువుకుంది. ఆమెకొక నోటు పుస్తకం ఇచ్చి, పిల్లకు పెట్టిందల్లా అందులో ఏమేం వేశారో సహా రాయమన్నాను. గుండ్రటి అక్షరాలతో ఎంతో శ్రద్ధగా రాసింది. పొద్దున బువ్వ, పప్పు, అందులో ఉప్పు, కారం. మాపటికి బువ్వ, పచ్చిపులుసు, అందులో ఉప్పు, కారం. పన్నెండు రోజులు వరసగా ఉప్పు, కారం. పదమూడో రోజు పేజీలో ఒక్కటే మాట, 'ఉబ్బింది'. పిల్ల పక్కిళ్లలో తిన్నది ఏదీ అందులో లేదు. ఎందుకు రాయలేదని అడిగితే అవ్వే జవాబిచ్చింది. "పక్కింటోళ్లు పెట్టింది మేం పెట్టినట్టు ఎట్లయితది?"

సరే, నేనే కనుక్కుంటానని గల్లీలో ఇంటింటికీ వెళ్లాను. మెడలో స్టెతస్కోపు, చేతిలో పుస్తకం, ముఖం మీద నా మామూలు చిరాకు. "మీరు ఆ పిల్లకు ఏం పెట్టారు?" అన్న ప్రశ్న వినగానే ప్రతి ఇల్లాలూ నిందితురాలైపోయింది. ఒకామె అసలు ఆ పిల్ల ఎవరో తెలియదంది. అప్పుడు ఆ పిల్ల ఆమె ఒళ్లోనే కూర్చుని ఉంది.

మర్నాడు ఆయమ్మ గాజుగుడ్డలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా అంది. "నువ్వు పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవ్. ఎవలు చెప్తరు? నా చేతి వంట తిని పిల్ల పాణం మీదికొచ్చిందని ఏ ఆడిది ఒప్పుకుంటది?"

"మరి ఎలా అడగమంటావు?"

"నాకు వంట రాదని చెప్పు. ఊరు ఊరంత వచ్చి నేర్పుతది."

రెండు రోజులు ఆయమ్మతో మాట్లాడలేదు. నాకు వంట రాదా? గోంగూర పచ్చడి, పనసపొట్టు కూర, ఒక్క పూతరేకులు తప్ప అన్నీ వచ్చిన నాకా? మూడో రోజు ఆ కోడలు దవాఖాన గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడింది. ఏమిటని అడిగాను. "పండుగకు ఇగ ఎన్ని దినాలు ఉన్నయి డాక్టరమ్మా?" అని మాత్రం అడిగింది. ఆమెకు తెలియక కాదు. నేను లోపలికి వెళ్లి, పళ్లు నూరుకుంటూ ఆయమ్మతో, "సరే, చెప్పు వాళ్లకు" అన్నాను.

మధ్యాహ్నం కల్లా గల్లీ అంతా తెలిసిపోయింది. సాయంత్రానికి మా ఇంటి ముందు నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల కళ్లలో అంత జాలి నేను చావు ఇళ్లలో కూడా చూడలేదు. "ఇంత సదువు సదివె పాపం," అంది ఒకామె. "సదువుల పడే నేర్వలేదు," అని ఇంకొకామె సర్దిచెప్పింది. మూడో ఆమె గొంతు తగ్గించి, నాకు బాగా వినబడేలా అంది. "గందుకే పెనిమిటి నెలకొక్కసారి వస్తుండు."

ఆ నెల మా ఆయన వచ్చేసరికి అరుగు మీద మూడు గిన్నెలు మూతలు పెట్టి ఉన్నాయి. ఎదురింటాయన వచ్చి, "ఫికర్ చెయ్యకు అన్నా, మావోళ్లు నేర్పుతుండ్రు," అని భుజం తట్టాడు. మా ఆయనకు జరిగిందంతా ముందే ఉత్తరంలో రాశాను. అయినా ఆ మహానుభావుడు ఒక నిట్టూర్పు విడిచి, "ఏం చేస్తాం, తలరాత" అన్నాడు. మూడు గిన్నెలూ ఖాళీ చేశాడు. బస్సు ఎక్కేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు.

ఆయమ్మ చెప్పినట్టే జరిగింది. అడిగినప్పుడు నోరు విప్పనివాళ్లు నేర్పేటప్పుడు వంటింటి తలుపులు బార్లా తెరిచారు. పీట వేసి కూర్చోబెట్టి, పొయ్యి ఎలా రాజేయాలి దగ్గర్నుంచి మొదలుపెట్టారు. నీళ్లు మరిగినట్టు ఎలా తెలుస్తుందో ఒకామె నాకు రెండుసార్లు చెప్పింది. నేను పుస్తకంలో రెండు గళ్లు గీసుకున్నాను. ఒకదాంట్లో ఆమె నోటితో చెప్పింది, రెండోదాంట్లో ఆమె చెయ్యి వేసింది. మొదటి గడిలో ఎప్పుడూ ఉప్పు, కారమే. రెండో గడి పేజీ చాలక అంచుల్లోకి పాకేది. అబద్ధం చెబుతున్నారని కాదు. చిన్నప్పటి నుంచీ వేస్తున్నది వేసినట్టే వాళ్లకు తెలియదు. తర్వాత పెద్ద ఆస్పత్రికి వెళ్లి పిల్లల తిండి మీద ఎన్ని పరిశోధనలు చేసినా నా కాగితాల్లో ఈ రెండు గళ్లు పోలేదు. తల్లిని అడిగి ఊరుకోకండి, వెళ్లి చెయ్యి చూడండి అని నా కింద పనిచేసినవాళ్లను చంపుకుతిన్నాను.

ఒకనాడు పరీక్ష కూడా పెట్టారు. పచ్చిపులుసు నన్నే చేయమన్నారు. బాగా చేస్తే గుట్టు రట్టవుతుంది. కావాలని ఉప్పు రెండుసార్లు వేశాను, చింతపండు పిప్పి తీయలేదు. మా నాయనమ్మ ఏ లోకంలో ఉందో గానీ ఆ రోజు ఆమెకు కచ్చితంగా పొలమారి ఉంటుంది. అయిదుగురూ తలా ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "వస్తది, వస్తది," అని ఒకామె నా వీపు నిమిరింది. ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, నాకు నేనే చక్కటి పులుసు కాచుకుని తిన్నాను. అప్పటికి గానీ కోపం తగ్గలేదు.

అవ్వ ఇల్లు ఆఖరున మిగిలింది. కోడలి పక్షాన నేను అరిచానని ఆమెకు నా మీద గుర్రుగా ఉంది. కానీ గల్లీలో అందరూ డాక్టరమ్మకు నేర్పుతుంటే తనొక్కతే నేర్పకపోవడమంటే తల కొట్టేసినట్టే కదా. ఒక పొద్దున తనే కబురు పెట్టింది.

నేర్పడమంటే తిట్టడమే. "గంత సన్నగ కోస్తరా వంకాయ? పుర్సత్ గ ఉండు, ఉరుకుడేంది?" అంటూ నూనె పోసింది, ఉల్లిగడ్డ వేసింది, కారం వేసింది. నేను రాసుకుంటున్నాను. కూర దగ్గరపడ్డాక, ముఖం నా వైపు తిప్పి, మొగుడికి అన్నం వండి పెట్టలేని బతుకెందుకని గట్టిగా అడుగుతూనే, ఎడం చెయ్యి వెనక్కి చాపింది. గూట్లో ఉన్న ఇత్తడి డబ్బాలోంచి చిటికెడంత తీసి కూర మీద చల్లింది. అటు చూడనైనా చూడలేదు.

"అదేమిటి అవ్వా?"

"ఏది?"

"ఇప్పుడు నువ్వు వేసింది."

"నేనేమేసిన?"

నిజంగానే ఆమెకు తెలియదు. తన వేళ్లు తనే చూసుకుంది. "ఓ, గదా? పొడి."

"ఏం పొడి?"

"నువ్వులు ఏంచి దంచిన పొడి. గది పడకుంటె కూరెట్లయితది?"

"ఇంకా వేటిలో వేస్తావు?"

"దేంట్ల ఎయ్యను బిడ్డా? పచ్చిపులుసుల ఏస్త, బీరకాయల ఏస్త, రొట్టె మీద అద్దుత. పొడి అయిపోయినంక అంగడి నాడు కొత్త నువ్వులు తెచ్చి తెల్లారి దంచుత. దంచినప్పుడు తొలి ముద్ద పోరిదే. ఏడి బువ్వల పొడి, నెయ్యి కలిపి పెడుత. గా జబ్బు చేసినంక బక్కగయింది గద, బలానికని ఇంకింత ఎక్కువేస్తున్న."

పుస్తకం వెనక పేజీలు తిప్పాను. పిల్ల ఉబ్బిన మూడు రోజులూ వారపు అంగడి మర్నాడే. అంగడిలో దుమ్ము పిల్లకు పడలేదేమో అని పిచ్చిదానిలా ఆ మధ్య నేనే రాసుకున్నాను. మిగతా రోజుల్లో చిటికెడు చిటికెడు తిని పిల్ల రాత్రింబవళ్లు గోక్కుంటూ ఉండేది, దాన్ని అందరూ చెమటపొక్కులు అనుకున్నారు.

దొరికితే ఉతికి ఆరేద్దామని వెళ్లినదాన్ని. గ్రహణమని, పాలని ఆ కోడల్ని ఏడిపించినందుకు నాలుగు మాటలు అప్పటికే పోగేసుకుని ఉన్నాను. కానీ ముసలామె పొయ్యి ముందు కూర్చుని, పిల్లకు ఎంత ఎక్కువ కలుపుతుందో వేళ్లతో చూపిస్తోంది. ఆ మొహంలో అంత ప్రేమ చూశాక ఆ నాలుగు మాటలూ మింగేశాను. నీ పొడే కారణమని చెప్పలేకపోయాను. భయం వేసింది కూడా, ఆ చెయ్యి మళ్లీ గూటి వైపు వెళుతుందని.

అందుకని మొట్టమొదటిసారి తెలివిగా అబద్ధమాడాను. పిల్లకు కొత్త మందు మొదలుపెడుతున్నాననీ, దానికి కఠినమైన పథ్యం ఉందనీ, నువ్వు గింజ ఇంటి గడప దాటి లోపలికి రాకూడదనీ చెప్పాను. మందు అంటే తియ్యటి విటమిన్ మందు. పడదు అని చెబితే నా మాట ఎవరూ లక్ష్యపెట్టేవాళ్లు కాదు. మా గల్లీలో ప్రతి మగాడికీ ఏదో ఒకటి పడదు, ముఖ్యంగా అత్తగారింట్లో వండింది. పథ్యం సంగతి వేరు. పథ్యం తప్పితే మందు వికటిస్తుందని అందరికీ తెలుసు. అవ్వ ఆ పూటే ఇత్తడి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వన్న వాడుకో. నీకే అక్కరున్నది," అంది. గల్లీలో ఏ ఇంట్లోనూ పిల్లకు మెతుకు పెట్టలేదు. ఎదురింటాయన జేబులోంచి నువ్వుల లడ్డూ తీసి, పిల్లను చూసి మళ్లీ జేబులో పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

ఒక అంగడి దాటింది. రెండు, మూడు, నాలుగు. పిల్ల మూతి ఉబ్బలేదు. గోక్కోవడం ఆగింది. బుగ్గలు వచ్చాయి. నాకు మాత్రం ప్రతి అంగడి మర్నాడూ గుమ్మం వైపే చూపు.

బతుకమ్మ మొదలు కావడానికి రెండు రోజుల ముందు అవ్వ ఒక్కతే మా ఇంటికి వచ్చి మెట్టు మీద కూర్చుంది. "నీ మందు మంచిగ పనిచేసింది బిడ్డా. నా కొడుక్కు గూడ చెప్పిన. ఇగ పండుగకు పథ్యం ఎత్తెయ్యి. ఆఖరి దినం సద్దుల నాడు ఆడపిల్ల నోట్లె పలారం పడకుంటె ఎట్ల?"

ఇంక దాచలేను. మందు ఉత్త తీపి నీళ్లని చెప్పాను. నువ్వులే ఆ పిల్లకు పడవని, పథ్యం బహుశా ఎప్పటికీ ఎత్తేయలేమని చెప్పాను. గ్రహణం లేదు, పాలలో దోషం లేదు అన్నాను. ఆమె తన కుడి చెయ్యి తిప్పి అరచేయి చూసుకుంది.

"అంటె... నా చెయ్యేనా?"

"నీకు తెలియదు కదా అవ్వా," అన్నాను.

"తెల్వకుంటె ఇషం ఇషం గాకుంట పోతదా?"

చాయ్ తాగకుండానే లేచి వెళ్లిపోయింది. సద్దుల నాడు పిల్లను బయటికి తీసుకురావద్దని వెనకనుంచి అరిచాను. వినిపించిందో లేదో తెలియదు.

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు నా భయం అర్థమవుతుంది. బతుకమ్మలను నీళ్లలో వదిలాక ఆడవాళ్లంతా గట్టు మీద కూర్చుని తెచ్చిన చిత్రాన్నాల సద్దులూ, వేయించి దంచి బెల్లం కలిపిన సత్తుపిండీ ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటారు. నువ్వులు లేని గిన్నె ఒక్కటి కూడా ఉండదు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోకూడదు, పెట్టింది వద్దనకూడదు. ఆడపిల్లకైతే ప్రతి ఇల్లూ పెట్టి తీరాలి. నేను చేతిసంచిలో సూదీ మందూ వేసుకుని కాలువ గట్టుకు వెళ్లాను. ఎవరో ఒక బతుకమ్మ నా చేతికి ఇవ్వబోతే కసిరాను కూడా.

పిల్ల వచ్చింది. కొత్త లంగా, జడలో బంతిపూలు. తల్లి చెయ్యి పట్టుకుని ఉంది. ముందు అవ్వ నడుస్తోంది. నేను చెప్పిన మాటకు విలువ ఇదా అని పళ్లు కొరుక్కుంటూ వాళ్ల వెనకాలే వెళ్లి నిలబడ్డాను.

మొదటి ఇల్లాలు గిన్నెలోంచి పిడికెడు సత్తుపిండి తీసి, "పోరీ, చెయ్యి చాపు," అంది. పిల్ల చెయ్యి చాపేలోపే అవ్వ తన చెయ్యి అడ్డం పెట్టి, అందుకుని, నోట్లో వేసుకుంది. కొంగు ముడి విప్పి ఒక ఎండుకొబ్బరి కుడక ముక్క, బెల్లం ముక్క పిల్లకు ఇచ్చింది. రెండో ఆమె పెట్టింది, అదీ అవ్వే తింది. మూడు, నాలుగు, అయిదు. నములుతోంది, మింగుతోంది, మళ్లీ చెయ్యి చాపుతోంది. పళ్లు సరిగ్గా లేని నోరు. పొడి పిండి గొంతుకు అడ్డం పడి దగ్గు వస్తోంది. అయినా ఆపలేదు.

గట్టు మీద నవ్వులు మొదలయ్యాయి. "ముసలిదానికి ఆశ పుట్టింది," అంది ఎవరో. "మనుమరాలి పలారం గూడ ఇడుస్తలేదు."

అవ్వ చేతిలో ఉన్నది చేతిలోనే ఉంచుకుని అందరి వైపూ తిరిగింది. గొంతు సవరించుకుంది.

"పోరికి నువ్వులు పడయి. తింటె పాణం పోతది. దానికి పెట్టుడు మీ ధర్మం, గందుకే దాని వంతు నేను తింటున్న," అంది. "నా కోడలు పాలల్ల దోషమున్నదని ఇంటింటికి తిరిగి మీకందరికి చెప్పిన. దాంట్ల ఏం దోషం లేకుండె. నా చేతుల ఉండె. గీ చేతుల తోనే కలిపి పెట్టిన."

ఎవరూ నవ్వలేదు. పక్కనున్న ఇల్లాలు గరిటె ఎత్తి ఏం చేయాలో తోచక అలాగే పట్టుకుంది. అవ్వే ఆమె ముందు చెయ్యి చాపి, "పెట్టు," అంది. ఆమె పెట్టింది.

అప్పుడు కోడలు పిల్ల చెయ్యి వదిలి ముందుకు వచ్చింది. ఎవరి మీదా కోపం రావడం లేదు, అదే నాకు ఆశ్చర్యంగా ఉంది.

"అన్ని నువ్వే తింటె కడుపేమైతది అత్తమ్మా," అంది ఆ అమ్మాయి. "సగం నాకియ్యి."

అవ్వ అరచేతిలో ఉన్న పిండిని కోడలు తన వేళ్లతోనే తీసుకుని నోట్లో వేసుకుంది. ఇంకో ఇల్లాలు గిన్నె పట్టుకుని దగ్గరికి జరిగింది. ఈసారి అత్తా కోడళ్లు ఇద్దరూ చేతులు చాపారు.